అక్క మెడ మీద గంజి కట్టు

పులిసిన గంజి వాసన నాకు పడదు. నేతవాళ్లింట్లో పుట్టిన పిల్ల అనకూడని మాట ఇది అని మా అమ్మ ఉన్నన్నాళ్లూ తిట్టింది. అయినా పడదు. మగ్గం మీద నిలువుగా సాగే పడుగు నూలుకు బిగువు రావడానికి కాచే గంజి పొయ్యి మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మిగిలింది కుండలో పోసి మూత పెడతారు చూడండి, అక్కడి నుంచి మొదలవుతుంది నా గోల. మర్నాటికి బుడగలు, ఆ తర్వాత పైన ఒక జిగట పొర, ఆ పొర మీద ఈగలు. ఎవరూ పారబోయరు. కాలిన చేతికి అదే మందు, బెణికిన కాలికి అదే మందు, సెగ్గడ్డ లేస్తే ఇంక చెప్పనక్కర్లేదు, వేడి చేసి గుడ్డలో వేసి కట్టేస్తారు.

మా అక్క నన్ను రోతల రాణి అంటుంది. ఆదోనిలో ఒక బట్టల అంగడిలో చీరలు చూపించడం నా పని. పొద్దున నుంచి పట్టు ముట్టుకునే చేతులు కాబట్టి మాటిమాటికీ కడుక్కోవడం అలవాటైపోయింది. ఇంకొకరి గ్లాసులో నీళ్లు తాగను. బస్సులో కమ్మీ పట్టుకోవాలంటే కొంగు అడ్డం పెట్టుకుంటాను. అక్కను ఎమ్మిగనూరులో నేతవాళ్లింటికే ఇచ్చారు. నేను ఎప్పుడు పోయినా వీధి మలుపులోనే నన్ను చూసేసి, "రోతల రాణి వస్తాంది, కుండ మీద మూత పెట్టండే" అని అరుస్తుంది. మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆ వీధిలో ఆడవాళ్లందరికీ గొంతు పెద్దదే. మా అక్కది మరీ పెద్దది.

పోయిన ఏడు ఎండలు ముదరకముందు ఆమె గంజి కుండ ఎత్తుకుని మగ్గం గదిలోకి పోతూ, కింద ఒలికిన గంజి మీదే కాలు జారి పడింది. పక్కన రాట్నం ఉంది. కండెలకు నూలు చుట్టే రాట్నానికి కదురు అని ఒక ఇనుప పుల్ల ఉంటుంది. కొన్న కదురు వంగిపోతే బావ, అంటే అక్క మొగుడు, పాత గొడుగు కమ్మీని రాతి మీద అరగదీసి బిగించాడు. సూదిలాగా ఉండేది. అది అక్క మెడలో ఎడమవైపు, దవడ కింద దిగింది.

ఆమే లాక్కుని లేచింది. పైకి కారిన రక్తం కొంచెమే. గాయం కందిగింజంత కూడా లేదు. అక్క అత్త పసుపు అద్ది గుడ్డ చుట్టింది. సందులో గది తీసుకుని సూదులూ సెలైన్లూ వేసే ఒకాయన ఉన్నాడు. ఏ కాలేజీలోనూ చదవకపోయినా ఆ వీధికి ఆయనే డాక్టరు. ఆయన ధనుర్వాతం రాకుండా సూదేసి, "గీసుకుంది, అంతే" అన్నాడు. కదురు మొన విరిగిపోయిందని బావ ఆ సాయంత్రమే చూశాడు. ఎక్కడో నేల మీద పడి ఉంటుందిలే అనుకుని మిగిలిన కమ్మీనే మళ్లీ అరగదీసి రాట్నానికి పెట్టాడు. చీరలు అప్పజెప్పే గడువు దగ్గరపడిందట. విరిగిన ముక్క ఎక్కడికి పోయిందని ఇంట్లో ఒక్కరూ వెతకలేదు. మగ్గం మీద పోగు తెగితే దాని రెండో కొస దొరికేదాకా తిండికి లేవని మనుషులు వీళ్లు. ఇనుప ముక్కను మాత్రం వదిలేశారు.

నాకు ఫోన్లో గీసుకుందనే చెప్పారు. నేనూ నమ్మాను. నెల దాటిన తర్వాత బావ మళ్లీ ఫోన్ చేశాడు.

"అక్కకు మెడ కాడ గడ్డ లేసినాది. బాగా పండింది. డాక్టరప్ప ఇంటికొచ్చి కోస్తా అన్యాడు. అయినోళ్లంతా వచ్చి సూసిపోతాండారు, నువ్వు రాకుంటే బాగుండదు" అన్నాడు.

ఇది మా వాళ్ల ఆచారం. గడ్డ కోసే ముందు బంధువులందరూ వచ్చి దాన్ని చూడాలి. మనిషిని చూడటం కాదు, గడ్డను చూడటం. బ్రెడ్డు ప్యాకెట్టు ఒకటి, అరటిపళ్లు నాలుగు పట్టుకొచ్చి, దగ్గర కూర్చుని, కట్టు పైకెత్తి, వేలు పెట్టి నొక్కి, పండిందో లేదో తీర్పు చెప్పి, కాఫీ తాగి పోతారు. మామిడికాయను నొక్కి చూసినట్టు చూస్తారు. నాకు ఇంతకంటే రోత పుట్టించే ఆచారం ఇంకొకటి లేదు. అంగడికి సెలవు రోజు చూసుకుని, కొంగుతో ముక్కు మూసుకోవడానికి సిద్ధపడే బస్సెక్కాను.

వీధి మలుపు తిరిగాను. ఎవరూ అరవలేదు. అక్క అరుగు మీదే కూర్చుని ఉంది, నన్ను చూసింది, నవ్వింది. దగ్గరికి పోతే బొంగురుగా, గాలి ఎక్కువ మాట తక్కువగా, "వచ్చినావా" అంది.

"గొంతేమైంది?" అని అడిగాను.

"జలుబు" అంది అక్క అత్త లోపలి నుంచే. "గడ్డ కోసినాక అదీ పోతాది."

లోపల చాప మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అక్కను లోపలికి పిలిచి గోడకు ఆనించి కూర్చోబెట్టి కట్టు విప్పారు. పులిసిన గంజి, దానికింద తడిసి ముడుతలు పడిన చర్మం, ఆ చర్మం కింద నిమ్మకాయంత ఉబ్బు. అక్కడంతా పసుపు, గంజి ఎండిన పెచ్చులు. ఒక ఈగ వచ్చి వాలితే అక్క అత్త అదే చేత్తో తోలి, అదే చేత్తో పళ్లెంలో అరటిపండు తీసి నాకిచ్చింది. నేను తీసుకోలేదు. చాప మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగి వేలు పెట్టి చూశారు. గోళ్లలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

"అబ్బా, ఎట్ల కొట్టుకుంటాందో సూడు."

"కొట్టుకుంటాందంటే పండిందనే. మా ఆయనకు తొడ మీద లేసినప్పుడు ఇట్లనే పోటు పెట్టినాది."

"యాడ, నన్ను సూడనీ."

ఒకామె ఫోన్ తీసి వీడియో కూడా తీసుకుంది. దేవనకొండలో ఉన్న వాళ్ల ఆడబిడ్డకు పంపించాలట. ఆమె చూసి ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు. అక్క కళ్లు మూసుకుని మెడ చాచి కూర్చుంది. నేను అడ్డం పడి తిట్టాల్సింది, కానీ వాంతి రాకుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

"అందరూ సూసినారు. నువ్వొక్కదానివే ముట్టుకోలేదు" అంది అక్క, ఆ గాలి గొంతుతోనే. నవ్వుతోంది కానీ కళ్లలో నీళ్లున్నాయి. "నా మెడ గూడా రోతనా నీకు?"

రోతగానే ఉంది మరి.

అక్క అత్త కొత్త గంజి వెచ్చబెట్టి తెచ్చి, గుడ్డలో పరిచి, గడ్డ మీద వేసి, ఎర్ర నూలుపోగుతో చుట్టూ కట్టి ముడి వేసింది. ముడి దగ్గర పోగు కొసలు రెండు వేలాడుతున్నాయి. వచ్చినవాళ్లు కాఫీ తాగడానికి వెనక గదిలోకి పోయారు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది, పక్కింటి మరమగ్గాలు ఆగిపోయాయి, గదిలో ఉక్కపోత, నిశ్శబ్దం. అప్పుడు చూశాను. ఎర్ర పోగు కొసలు ఎగురుతున్నాయి. గాలి లేదు. అక్క ఊపిరి బిగబట్టి నొప్పి ఓర్చుకుంటోంది, ఊపిరి వల్ల కూడా కాదు. ఒకే లెక్కన, ఆగకుండా, ఎగిరి పడుతున్నాయి.

నాకు సెగ్గడ్డలు తెలుసు. పోటు ఉన్నవాళ్లకు తెలుస్తుంది కానీ పైనున్న గుడ్డను ఎగరేయదు. అక్కకు జ్వరం లేదు. గడ్డ ఎర్రగా కూడా లేదు. నేను చాప మీద కూర్చున్నాను. ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను. రెండో చెయ్యి కట్టు దాకా పోయి ఆగింది. ఎంత రోత అంటే, నా చెయ్యి నా మాట వినలేదు. కళ్లు మూసుకుని, గుడ్డ కిందికి వేళ్లు పోనిచ్చి, ఆ వెచ్చటి జిగటలోనుంచి గడ్డను పట్టుకున్నాను. మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు కొట్టుకుంటే గడ్డ అప్పుడే కొట్టుకుంది. ఆ రెండింటికీ తేడా లేదు. పైగా గడ్డ లోపల కొళాయి సన్నగా తిప్పినప్పుడు గొట్టం అదిరినట్టు ఏదో జుమ్మని అదిరింది.

"ఇది చీము కాదు. రక్తం. నరంలోనుంచి వస్తోంది" అన్నాను. రక్తనాళం అనాలని నాకు తెలుసు, భయంలో ఆ మాట రాలేదు.

నా మాట విని బావ వెనక గదిలోనుంచి వచ్చాడు, కాఫీకి పోయినవాళ్లూ వచ్చి మళ్లీ చాప మీద చేరారు. "నీకన్నీ అనుమానాలే. కోస్తే ఒక్క దినంలో తేలిపోయేదానికి ఇంత రగడేంటికి?" అన్నాడు. అక్క అత్త, "ముక్కు మూసుకునే మనిషికి గడ్డల సంగతేం తెలుసు" అని చాప మీద వాళ్లకు వినబడేలా అంది. వాళ్లు నవ్వారు. అక్క కూడా నా చెయ్యి విడిపించుకుంది. "కోసెయ్యనీ మ్మే. ఈ వాసన నాకూ పడడంల్యా. వచ్చినోళ్లంతా నొక్కి నొక్కి సంపుతాండారు. నాకు ఇడ్సిపోతే సాలు" అంది. అదే నాకు అన్నిటికంటే భయం వేసిన మాట. మెడ చాచి కోయించుకోవడానికి ఆమే సిద్ధంగా ఉంది.

ఆ సందులో డాక్టరు వచ్చాడు. తోలు సంచి, చేతిలో బండి తాళం. బ్లేడు ప్యాకెట్టు స్టూలు మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే గడ్డ నొక్కాడు. నేను అక్క ముందు అడ్డంగా కూర్చున్నాను. నాడి పట్టి చూడమన్నాను. కదురు మొన విరిగిందని బావ అప్పుడే బయటపెట్టాడు, ఆ సంగతీ చెప్పాను. కర్నూలు తీసుకుపోతామన్నాను. వినలేదు.

"ఇంగ నిలబెడితే లోపలికి పోతాది తల్లీ. నేనిట్లాటివి ఎన్ని కోసినానో" అన్నాడు. నేను లేవలేదు. చివరికి విసుక్కుని, "సరే, నీ తృప్తికి ముందు సూదితో లాగి సూస్తా. చీమొస్తే నువ్వు నోరు మూసుకోవల్ల" అని లావు సూది పెట్టిన సిరంజి తీశాడు. నేను అక్కను లాక్కుని లేపేలోగా బావ నా భుజం పట్టుకున్నాడు. సూది దిగింది.

ఆయన లాగనవసరం లేకపోయింది. సిరంజి పిడి దానంతటదే వెనక్కి జరిగింది. ఎర్రటి, కొత్త రక్తం. అక్క అత్త, "సెడ్డ రక్తం, పోనీ, పోనీ" అంది. ఆయన ముఖం పాలిపోయింది. సూది బయటికి లాగేసరికి ఆ రంధ్రంలోనుంచి సన్నగా, ఎగిరెగిరి చిమ్మింది, ఆయన చొక్కా మీద, గోడ మీద, పక్కనున్న బ్రెడ్డు ప్యాకెట్ల మీద. ఆయన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక మనిషి మెడలోనుంచి రక్తం చిమ్ముతుంటే సంచి జిప్పు వేసుకునే మనిషిని నేను అప్పుడు చూశాను. గడప దాటుతూ, "పెద్దాసుపత్రికి తీస్కపోండి. నేను ఈడికి రాలేదు, గుర్తు పెట్టుకోండి" అన్నాడు. బ్లేడు ప్యాకెట్టు స్టూలు మీదే వదిలిపోయాడు. చాప మీది వాళ్లలో సగం మంది ఆయన వెనకే పోయారు.

నేను అరచెయ్యి పెట్టి అదిమాను. అంతకుమించి నాకేం తెలుసు? గంజి, పసుపు, రక్తం అన్నీ కలిసి వేళ్ల సందుల్లోనుంచి మోచేతి దాకా కారాయి. అరచేతి కింద అది నన్ను పైకి తోస్తూ ఉంది. చెయ్యి కొంచెం సడలితే చాలు, తడి వెచ్చగా తగులుతోంది. బావ అప్పటికి మనిషైనాడు. ఆటో తెచ్చి, అక్కను రెండు చేతులా ఎత్తి ఎక్కించాడు. ఊళ్లో ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మ నా చేతిని చూసి, "తీయకండి. ఎట్లున్నారో అట్లనే ఉండండి" అని అంబులెన్సు పిలిచింది. అలాగే ఎక్కాను. కోడుమూరు దాటాక నా మోచెయ్యి తిమ్మిరెక్కి నాది కానట్టైపోయింది. అంబులెన్సులో ఉన్న మనిషి తాను పట్టుకుంటానన్నాడు. ఇవ్వలేదు, చెయ్యి మార్చే ఆ క్షణంలో ఏమవుతుందోనని.

"సచ్చిపోతానా?" అని పెదాలు కదిలించింది అక్క.

"నోరు మూసుకో. మాట్లాడొద్దు" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

కర్నూలులో నా చెయ్యి తీయించింది ఆపరేషన్ గదిలోనే. బయట గోడకు ఆనుకుని కూర్చున్నాను. మోచేతి దాకా రక్తం ఎండిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కడుక్కోవడానికి కూడా లేవలేదు. అప్పుడు నాకు ఏ వాసనా రాలేదు. అక్క బతకాలి, అంతే. ఆ దేవుడినీ ఈ దేవుడినీ మొక్కలేదు, ఊరికే తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు బయటికి వచ్చి ఒక చిన్న డబ్బాలో చూపించాడు. బియ్యపు గింజంత ఇనుప మొన. మెడలో తలకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఒకటి ఉంటుందట, దాని కొమ్మ ఒకదాని గోడలో ఈ మొన దిగి అక్కడే ఇరుక్కుంది. గోడకు పడిన చిల్లులోనుంచి రక్తం కొద్దికొద్దిగా బయటికి వచ్చి కండ మధ్య సంచి కట్టింది. గుండె కొట్టినప్పుడల్లా ఆ సంచి కొట్టుకుంది. కొమ్మను కట్టేశాం, ప్రాణానికి భయం లేదు అన్నాడు. బ్లేడు పెట్టి ఉంటే ఎమ్మిగనూరు దాటేవాళ్లు కాదు అని కూడా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బావ నేల మీద కూలబడ్డాడు.

"ఒక విషయం" అన్నాడు డాక్టరు. "గొంతుకు పోయే నరం దాని పక్కనే ఉంటుంది. ఇన్ని వారాలు సంచి కింద నలిగిపోయింది. మాట వస్తే రావచ్చు. రాకపోవచ్చు. గొంతు బొంగురు పోయినప్పుడే తెచ్చి ఉంటే..." అని ఆగాడు. బావ జలుబనుకున్నామన్నాడు. డాక్టరు ఏమీ అనకుండా లోపలికి పోయాడు. నేనైతే అనేదాన్ని. ఎంతమంది ముట్టుకున్నారయ్యా ఆ మెడను! వీధి వీధంతా వేలు పెట్టి ఆ కొట్టుకోవడాన్ని చూసింది. చూసి, సంతోషపడి, కాఫీ తాగిపోయింది.

అక్క ఇంటికి వచ్చిన వారం నేను మళ్లీ పోయాను. మాట రాలేదు. చెవి దగ్గర పెడితే గాలి వినిపిస్తుంది, దాంట్లో మాట వెతుక్కోవాలి. చాప మీద మళ్లీ జనం. బ్రెడ్డు ప్యాకెట్లు, అరటిపళ్లు. ఈసారి కుట్లు చూడటానికి. అక్క అత్త, ఏమాత్రం సిగ్గు లేకుండా, "గంజి కట్టబట్టి నిలిసినాది. కట్టకుంటే ఆ పొద్దే పోయేది" అని చెబుతోంది. తల ఊపుతున్నారు వాళ్లు. ఒకామె, "మాట రాదంట కదా పాపం" అంది.

బావ చెడ్డవాడు కాదు. ఆసుపత్రిలో ఆమె మంచం కిందే పడుకుని ఉన్నాడు, అన్నం తినిపించాడు. కానీ అప్పుడు నవ్వుతూ, "ఒక లెక్కన మంచిదే అయినాది. ఇంగ మా వీధికి నిద్ర పడతాది" అన్నాడు.

అందరూ నవ్వారు. చాప మీద వాళ్లు, గుమ్మంలో నిలబడ్డవాళ్లు, అక్క అత్త కూడా. మర్యాదకు అక్క కూడా నవ్వింది. నోరు తెరిచింది, భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. ఆ చప్పుడు లేని నవ్వు చూసి వాళ్లు ఇంకా నవ్వారు. గంజి, ఈగలు, రక్తం, అన్నీ ఓర్చుకున్నాను నేను. ఆ నవ్వు ఓర్చుకోలేకపోయాను. నా జన్మలో మనుషులంటే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఇంతలో ఒకామె, "కుట్లు మానినాయా, ఏదీ" అంటూ అక్క మెడ వైపు వేలు చాచింది.

అక్క నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది. నా చెవిలో గాలి తగిలింది. మొదటిసారి అర్థం కాలేదు. మళ్లీ అంది. "అందర్నీ పొమ్మను."

నేను లేచి నిలబడ్డాను. మగ్గాల మీదుగా ఆమె ఎట్లా అరిచేదో అట్లాగే, వీధికంతా వినపడేటట్టు అరిచాను. "లెయ్యండి! అందరూ లేసి పోండి! మా అక్క పొమ్మంటాంది!"

వేలు చాచినామె చెయ్యి వెనక్కి తీసుకుంది. చాప మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచారు. బావ కూడా లేచాడు.